సీమ గొంతు తెర మీద పలకాలంటే

తెలుగు సినిమాలో రాయలసీమ అనగానే ముందు వరసగా సుమోలు వస్తాయి. తర్వాత వేటకొడవళ్లు, నాటుబాంబులు, మీసం మెలేసే పెద్దాయన. 1999లో సమరసింహారెడ్డి బాగా ఆడింది. 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర వచ్చాయి. దాంతో సీమకు ఒక అచ్చు పడిపోయింది. అనంతపురం ప్రాంతంలోని సోమందేపల్లెలో ఆ సినిమాలకు ఈలలు వేసిన కుర్రాళ్లలో చాలామంది నేతగాళ్ల ఇళ్ల పిల్లలు, చెనిక్కాయ వేసి వానకోసం మొగులు చూసే రైతుల పిల్లలు. తెరమీద కనబడిన సీమలో వాళ్ల అమ్మానాన్నలు మాత్రం లేరు. ముఠా తగాదాలు లేవని నేననను. అవి ఎన్ని కుటుంబాలను కూల్చాయో ఈ నేలకు తెలుసు. కానీ ఒక ప్రాంతాన్ని దాని గాయంతో మాత్రమే గుర్తుపెట్టుకుంటే, గాయం కాని బతుకంతా లెక్కలో లేకుండా పోతుంది.

బాధ ఎక్కడంటే, తెలుగువాళ్లకు నటన నేర్పినవాళ్లలో ముందువరస మనవాళ్లదే. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులది మన ధర్మవరం. ఆయన మేనల్లుడు, రంగస్థల నటుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి కూడా తాడిపత్రివాడే. పద్యాన్ని రాగంతో సాగదీసి వన్స్‌మోర్‌లు కొట్టించుకునే కాలంలో రాఘవ పాటను తగ్గించి మాటకు, ముఖానికి పని చెప్పాడు. ఆడ పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. ఎవరి పాత్ర వాళ్లు వేసుకోవాలన్న వాదనకు మన దగ్గర మొదటి పునాది అదేనని నా నమ్మకం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ సినిమాలో రాఘవ నటించాడు. జమీందార్లు ఆ సినిమా మీద మండిపడ్డారు, ఆడనీయకుండా అడ్డుపడ్డారు. రైతు తెరమీద రైతుగా నిలబడితే ఎవరికి గుచ్చుకుంటుందో అప్పుడే తేలిపోయింది.

ఆ తర్వాత తెలుగులో ఇలాంటి సినిమాల సన్నని పాయ ఒకటి పారుతూనే ఉంది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు నిర్మించిన మా భూమి, 1988లో నర్సింగరావే తీసిన దాసి, 2006లో రజనీష్ దోమలపల్లి వనజ, 2018లో వెంకటేష్ మహా కేరాఫ్ కంచరపాలెం, 2021లో ప్రవీణ్ కాండ్రేగుల సినిమా బండి. ఇవి ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినవి కావు. అయినా పని చేసిన పద్ధతిలో చుట్టరికం కనబడుతుంది.

ఆ పద్ధతిలో మొదటిది మనుషులను ఎంచుకోవడం. కంచరపాలెంలో ఎనభైమందికి పైగా ఆ పేటవాళ్లే నటించారు. వనజలోనూ అంతే, ఎవరూ సినిమా నటులు కారు. ప్రధాన పాత్ర వేసిన మమత భూక్యా ఆ సినిమా కోసమే కూచిపూడి నేర్చుకుంది. ఊరివాళ్లను నిలబెడితే చాలు, సహజంగా వచ్చేస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. కెమెరా ఎదుట ఊరివాడు నటుడికన్నా ఎక్కువ నటిస్తాడు. తాను చూసిన సినిమాల్లోని హీరోలాగా గొంతు పెంచుతాడు, చేతులు ఊపుతాడు. ఆ అరువు నటనను రాల్చడానికే నెలల తరబడి సాధన కావాలి. ముందు కెమెరా లేకుండా మాట్లాడించాలి. సన్నివేశం చెప్పి, మాటలు వాళ్లకే వదిలేయాలి. వాళ్లు అన్న మాటల్లోంచే తిరిగి సంభాషణ రాసుకోవాలి.

రెండోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, చేతికి పని ఇవ్వడం. సోమందేపల్లెలో పట్టుచీర నేసే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అతణ్ణే మగ్గం గుంటలో కూర్చోబెట్టండి. కుడిచెయ్యి తాడు లాగుతుంది, నాడె ఇటునుంచి అటు దూసుకుపోతుంది, ఎడమచెయ్యి పలకను దగ్గరకు కొడుతుంది, కాళ్లు కిందనున్న చెక్కలను మార్చి మార్చి తొక్కుతాయి. ఆ చప్పుడు మీదుగా మాట్లాడాలి కాబట్టి అతని మాట దానంతటదే చిన్న చిన్న ముక్కలవుతుంది. పడుగులో పోగు తెగిందా, మాట ఆగిపోతుంది. తలవంచి, తెగిన కొసలు వెతికి, ముడి వేసేదాకా ఎదుటివాడు ఎవరైనా సరే ఆగాల్సిందే. కూతురి పెళ్లికి చేసిన అప్పు సంగతి సరిగ్గా అక్కడ అడిగించండి. జవాబు రాదు, వేళ్లు మాత్రం కదులుతుంటాయి. నటన నేర్పే ఏ బడిలోనూ ఆ మౌనం నేర్పలేరు. విత్తనం కోసం చెనిక్కాయలు ఒలిచే ఆడవాళ్లదీ అంతే. గింజ మీది పొర చెదిరితే మొలక రాదు, కాబట్టి చూపు చేతుల మీదనే ఉంటుంది. ఎంత పెద్ద సంగతైనా తల ఎత్తకుండానే చెబుతారు. దర్శకుడు ‘కెమెరా వైపు చూడమ్మా’ అన్నాడంటే సన్నివేశం పోయినట్టే.

మూడోది చెవి. మన సినిమాలో నటుడి పెదాలు ఒకచోట, గొంతు ఒకచోట ఉండడం మామూలు. డబ్బింగ్ గదిలో యాస చప్పబడుతుంది, లేదా హాస్యానికి ముదురుతుంది. కంచరపాలెం, సినిమా బండి లొకేషన్‌లోనే ధ్వని పట్టాయి. సినిమా బండి జరిగేది ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని గొల్లపల్లిలో. ఒక ఆటోడ్రైవరుకు ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరివాళ్లనే పెట్టి సినిమా తీసి, వచ్చిన డబ్బుతో ఊరు బాగుచేయాలనుకుంటాడు. కన్నడం కలిసిన ఆ పలుకు మనకు దగ్గరి చుట్టం. హిందూపురం, మడకశిర వైపు ఎవరు విన్నా సొంత వీధిలో విన్నట్టే ఉంటుంది. సీమ యాస అంటే ఒకటే అనుకోవడం కోస్తా సినిమా చేసిన ఇంకో అన్యాయం. కడప పలుకు వేరు, తమిళం తగిలిన చిత్తూరు పలుకు వేరు, ‘యాడికి పోతాండావప్పా’ అని నెమ్మదిగా అడిగే మన పలుకు వేరు. 2018లో అరవింద సమేత వీరరాఘవ కోసం జూనియర్ ఎన్టీఆర్ సీమ జానపద గాయకుడు పెంచల్ దాస్ సాయం తీసుకున్నాడు. అది మంచి అడుగే. అయితే యాస పెద్ద హీరో గొంతులోకి రావడం ఒక ఎత్తు, ఆ యాసలో పుట్టిన మనిషి కథానాయకుడు కావడం మరో ఎత్తు.

ఈ గోడు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని మెక్సికన్ మూలాల జనం హాలీవుడ్ తెరమీద చాలాకాలం దొంగలుగా, పనిమనుషులుగానే కనబడ్డారు. 1961 నాటి వెస్ట్ సైడ్ స్టోరీలో లాటినో పాత్రల కోసం తెల్లవాళ్ల ముఖాలకు గోధుమ రంగు పూశారు. దానికి ముందే, 1954లో, హెర్బర్ట్ బైబర్‌మాన్ సాల్ట్ ఆఫ్ ది ఎర్త్ తీశాడు. న్యూమెక్సికోలో జింకు గని కార్మికులు చేసిన సమ్మె కథ అది. గని కార్మికులు, వాళ్ల భార్యలు తామే నటించారు. యూనియన్ నాయకుడు హువాన్ చకోన్ కథానాయకుడయ్యాడు. రచయిత మైకేల్ విల్సన్ రాసింది ఆ కుటుంబాలకు చదివి వినిపించారు. కథానాయకుడు వేరే ఆడదాని దగ్గరికి పోయే ఘట్టం, చివరి జీతం పెట్టి విస్కీ కొనుక్కునే ఘట్టం వాళ్లు వద్దన్నారు. ఇప్పటికే లోకం మమ్మల్ని అలా చూస్తోంది, మీరూ అదే చూపిస్తారా అన్నది వాళ్ల అభ్యంతరం. రచయిత తీసేశాడు. సీమ మీద కథ రాసుకునే ప్రతి రచయితా ఈ సంగతి గోడకు అంటించుకోవాలి. 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోట కూలీల సమ్మెలో లూయిస్ వాల్డెజ్ లారీ మీదే నాటకాలు వేయించాడు. మెడలో అట్టముక్క వేలాడదీసి, దానిమీద పాత్ర పేరు రాస్తే వేషం సిద్ధం. నిన్న తోటలో కోతకు పోయిన కూలీ ఇవాళ యజమాని వేషం కట్టి యజమాని నడకను చూపించాడు. అదే వాల్డెజ్ 1987లో లా బాంబా సినిమా తీసేదాకా ఎదిగాడు.

సోమందేపల్లెలో ఇప్పుడు చేతిలో ఫోను లేని కుర్రాడు లేడు. కథలకూ కరువు లేదు. విద్వాన్ విశ్వం కావ్యం పెన్నేటి పాట ఉంది. సింగమనేని నారాయణ కథలున్నాయి, చిలుకూరి దేవపుత్ర నవల పంచమం ఉంది, బండి నారాయణస్వామి నవలలున్నాయి. వాటిని తీయాలనుకుంటే హక్కుదారులను అడిగి తీసుకోవచ్చు. అంతకన్నా దగ్గర్లో, తెల్లారుజామున పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ బస్సు ఎక్కే కొడుకు, అదే వేళకు మగ్గంలోకి దిగే తండ్రి ఒకే ఇంట్లో ఉంటారు. ఆ ఇద్దరి మధ్య పది నిమిషాల సినిమాకు ఒక్క కొడవలీ అక్కర్లేదు.

తీసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. నేతగాడు ఒక పూట మగ్గం ఆపితే ఆ పూట కూలి పోతుంది, కెమెరాకోసం నెమ్మదిగా నేసినా పోతుంది. మన ఊరోడే కదా, సరదాగా చేస్తాడులే అని ఊరక పిలవకండి. ఖర్చుల లెక్క రాసుకునేటప్పుడు లైట్ల అద్దెకన్నా పైన ఆ కూలి రాయండి. సినిమా పూర్తయ్యాక పోటీలకు పంపేముందు దాన్ని ఊళ్లో వేసి చూపించండి. అందులో కనబడినవాళ్లు ‘ఈ ముక్క తీసెయ్ నాయనా’ అంటే తీసెయ్యండి.