కోడిజుట్టు పువ్వు పనితనం

కోడిజుట్టు పువ్వు అంచు వెంట ఒకసారి మెల్లగా వేలు పోనివ్వండి. ముఖమల్ గుడ్డకు కుచ్చిళ్లు పోసినట్టు మడత మీద మడత తగులుతుంది. ఒక్క పువ్వుగా మనం చూసేది నిజానికి వందల చిట్టి పూల గుంపు. భూతద్దం పెట్టి అడుగు భాగం చూస్తే ఒక్కో పువ్వుకు ఐదు పొడిరేకలు, ఐదు కేసరాలు కనిపిస్తాయి. ఆ కేసరాల మొదళ్లు చిన్న గిన్నెగా అతుక్కుని ఉంటాయి. పైన మెరిసే మడతల్లో మాత్రం పూర్తిగా ఎదగని పూలే ఎక్కువ. గింజ పట్టేది కింది పక్కల్లో.

తెలంగాణ చేలల్లో తనంతట తానే మొలిచి బతుకమ్మలో వరుసలు తీరే గునుగు దీనికి రక్తసంబంధి. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఈ రెండింటినీ వేర్వేరు జాతులుగా రాశాడు. ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు ఒకే జాతిగా లెక్కిస్తున్నారు. తేడా అంతా కొనలోనే ఉంది. గునుగులో పెరిగే కొన ఒక చుక్కంత ఉంటుంది, అందుకే కంకి సన్నగా, మొనదేలి లేస్తుంది. కోడిజుట్టులో ఆ చుక్క పక్కలకు సాగి గీత అవుతుంది. గీత పొడుగవుతూ పోతుంటే కింద కాడ అంత వెడల్పు కాలేదు. చోటు చాలక అంచు వంకీలు తిరుగుతుంది. ఇతర మొక్కల్లోనూ కొన ఇలా చదునవడం అప్పుడప్పుడు కనిపిస్తుంది, కానీ చాలావాటిలో అది ఆ మొక్కతోనే పోతుంది. ఇక్కడ అది గింజలోకి దిగింది. మంచి జుట్టున్న మొక్కకే గింజ కట్టుకుంటూ వచ్చిన తరతరాల తోటమాలుల ఓపిక అందులో ఉంది. నాకు ఈ పువ్వులో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

రంగు సంగతీ చెప్పుకోవాలి. మందారంలోని ఎరుపు వేరు, ఇందులోని ఎరుపు వేరు. బీట్‌రూట్‌కు రంగునిచ్చే బీటాలైన్లే దీనికీ రంగునిస్తాయి. రేకలు పుట్టుకతోనే కాగితంలా పొడిగా ఉంటాయి గనక కోసి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే నెలల తరబడి వాడినట్టే కనిపించవు.

నారు దశలో దీన్ని తోటకూర అనుకుని పీకేసేవాళ్లున్నారు. రెండూ ఒకే కుటుంబం మరి. ఎర్ర పూల రకమైతే లేత కాడలోనే ఎరుపు జీర కనిపిస్తుంది, పసుపు రకానికి కాడ పచ్చగా ఉంటుంది. పూతకొచ్చాక అనుమానమే ఉండదు. గింజ దగ్గర ఇంకా తేలిక: తోటకూర కాయలో ఒకే గింజ, ఇందులో నల్లగా మెరిసే గింజలు కొన్ని కలిసి ఉంటాయి.

ఎండ దీనికి ప్రాణం. ఫిబ్రవరిలో నారు పోస్తే నడి వేసవికి, జూన్‌లో పోస్తే దసరా రోజులకు పూస్తుంది. గింజ మీద మట్టి పలుచగా చల్లితే చాలు, లోతుగా పడితే మొలవదు. నాలుగైదు ఆకులకే, వేళ్లు కదలకుండా, అడుగు ఎడంతో నాటాలి. చిన్న కుండీలో వేళ్లు ఇరుక్కున్న నారు బెత్తెడు ఎత్తులోనే పూసేసి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత ఎరువు వేసినా ఎత్తు రాదు. యూరియా ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. రెండు మూడడుగులు పెరిగే రకానికి కర్ర పాతి కట్టాలి, ఆ తల బరువు తక్కువేం కాదు.

కుచ్చులా పూసే రకానికి కొన గిల్లితే కొమ్మలు వేస్తుంది. కోడిజుట్టుకు ఆ పని చేయకండి. మొదటి తలే పెద్ద తల.

గింజ కోసం ఒక్క మొక్కను వదలండి, అన్నిటికన్నా మంచి జుట్టున్నదాన్నే. పువ్వు ఎండిపోవడం మొదలవగానే కాగితం పరిచి దులపండి. పక్కింటివాళ్లకూ ఒక చిటికెడు ఇవ్వండి.