పెట్టెలోంచి పుట్టే కారు

రిమోట్ కారు అనగానే మా చోడవరంలో జాతర దుకాణాల్లో వేలాడే ప్లాస్టిక్ బొమ్మే అందరికీ గుర్తొస్తుంది. విడిభాగాలు తెచ్చుకుని ఒక్కో మరా చూసుకుంటూ బిగించిన ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారునీ, ఆ బొమ్మనీ ఒకే గాటన కట్టేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జపాన్‌కి చెందిన టమియా 1976లో పోర్షే 934 కారు విడిభాగాల కిట్టు తెచ్చింది. అసలు కారులో పన్నెండో వంతు. కంపెనీకి చెందిన షున్‌సకు టమియా నమూనా కోసం నిజమైన పోర్షేనే కొని విప్పించాడట! 1984లో అమెరికావాళ్ల ఆర్‌సీ10 కారు వచ్చాక మట్టి పందేల తీరే మారిపోయింది. మరుసటేడు కాలిఫోర్నియాలో జరిగిన తొలి ప్రపంచ పోటీలో జే హాల్సీ టూ వీల్ డ్రైవ్ టైటిల్ కొట్టింది దానితోనే.

ఇక అసలు రుచి బిగింపులో ఉంది. మోటారు మీది పినియన్ అనే చిన్న గేరు పళ్లకీ, పక్కనున్న పెద్ద గేరు పళ్లకీ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి, మోటారుని దగ్గరకి నొక్కి మరలు బిగిస్తారు. తర్వాత కాగితం లాగేస్తే మిగిలేదే సరైన సందు. సందు తగ్గితే మోటారు కాలుతుంది, పెరిగితే పళ్లు రాలిపోతాయి. చక్రాల కుదుపులు మింగే షాక్‌లో సిలికాన్ నూనె పోశాక పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ బుడగలన్నీ బయటికొచ్చేదాకా ఓపిక పట్టాలి. నాలుగింటిలో ఒక్కదాంట్లో గాలి మిగిలినా ఆ చక్రం గంతులేస్తుంది. మన ఏటికొప్పాక బొమ్మకి రంగు పైనుంచి పడితే, ఈ కారు పాలికార్బనేట్ తొడుగుకి లోపలినుంచి పడుతుంది. గీతలూ చారలూ ముందు, ఒంటి రంగు చివర. అంతా తలకిందుల లెక్క! అందుకే బండి ఎన్ని పల్టీలు కొట్టినా రంగు చెక్కుచెదరదు.

నడపడమూ అంతే. బండి మనకి ఎదురొస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. దిబ్బ ఎక్కి గాల్లోకి లేచాక స్టీరింగుతో పనిలేదు. థ్రాటిల్ ఇస్తే చక్రాల వేగానికి ముక్కు పైకి లేస్తుంది, బ్రేకు పట్టుకుంటే దిగుతుంది. ఈ విద్యలో ఆరితేరిన జపాన్ కుర్రాడు మసామీ హిరోసాకా 17 ఏళ్లకే, 1987లో, ఫోర్ వీల్ డ్రైవ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. మొత్తం 14 ప్రపంచ టైటిళ్లు! ఆయన తర్వాత ఎందరొచ్చినా నాకు మాత్రం ఆయనే గురువు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? మీట నొక్కితే పూర్తి వేగం, వదిలితే సున్నా, మధ్యలో ఏమీ లేని నాసిరకం బొమ్మలు ఊరంతా నిండిపోయాయి. గేరులో ఒక పన్ను విరిగితే బండి మొత్తం చెత్తకుప్పకే, ఎందుకంటే విడిభాగం దొరకదు, మూత మర విప్పేలా ఉండదు. ఇంజనీరింగు చదివే పిల్లలూ బ్యాటరీ పెట్టి పరిగెత్తించే రెడీమేడ్ బండికే ఎగబడుతున్నారు. చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ గేర్లని చేత్తో విప్పి చూడకుండా పరీక్షలో వాటి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడం ఏం చదువండీ!

అమ్మానాన్నలకి నా మొర ఒక్కటే. అయిదు బొమ్మల డబ్బు కూడబెట్టి ఒక్క కిట్టు కొనండి, బిడ్డ చేతికి స్క్రూడ్రైవరివ్వండి, పక్కన కూర్చోండి, మీరు బిగించకండి. దుకాణదారులూ, ఓ అర నిండా బేరింగులు, పినియన్లు, షాక్ నూనె పెట్టండి చాలు. ట్రాక్ గురించి బెంగ వద్దు. ఊరి చివర బీడులో రెండు దిబ్బలు పోసి, పాత పైపులు హద్దుగా పరిచి మాలాంటి ఆర్‌సీ పిచ్చోళ్లమే వేసుకుంటాం.