జెట్టుల లెక్కలో ఏ జాబితాను నమ్మవలెను?

చీకటిరాత్రి రోడ్డు ప్రక్కన నిలిచి, కన్నులు మిరుమిట్లు గొలుపు దీపములు గల లారీలను మాత్రమే లెక్కించువాడు, లారీలన్నియు తనవైపే వచ్చుచున్నవని చెప్పును. అతని కూడికలో తప్పు లేదు, ఎంపికలోనే ఉన్నది. క్రియాశీల గెలాక్సీల సర్వేలను చదువునపుడు ఈ సంగతి మరువరాదు.

ఇట్టి గెలాక్సీ కేంద్రమున బ్రహ్మాండమైన కృష్ణబిలముండును. కొన్నిటినుండి రెండు ధారలు, అనగా జెట్టులు, ఎదురెదురు దిశలలో దాదాపు కాంతివేగముతో వెలువడును. ఆ వేగము కాంతివేగములో 99.5 శాతమైనచో, సాపేక్ష సిద్ధాంతము ప్రకారము, జెట్టు వెలుగులో పెద్దభాగము దాని దిశకు సుమారు 6 డిగ్రీలలోపలనే ప్రసరించును. జెట్టు అంత సూటిగా భూమివైపు తిరిగియుండు అవకాశము సుమారు 200లో ఒకటి. ఐనను అట్టిది వందల రెట్లు ప్రకాశించుటచే, ఎంత దూరమున నున్నను జాబితా కెక్కును. ప్రక్కకు తిరిగినది దగ్గర నున్నను జారిపోవును.

హెచ్చు పౌనఃపున్యముల సర్వేల లోపమిదియే. 15 గిగాహెర్ట్‌జ్‌ల వద్ద జరిపిన 'మొజావే' సర్వే జెట్టుల కదలికలను ఏండ్ల తరబడి కొలిచి అమూల్యమైన సమాచారమిచ్చినది. కాని అందు అధికభాగము భూమివైపు తిరిగినవే. దానినిబట్టి జెట్టులన్నిటికి అంత వేగమున్నదనుట తొందరపాటగును.

1962లో సవరింపబడిన కేంబ్రిడ్జి మూడవ జాబితా 178 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద తయారైనది. అచ్చట కనబడునది ముఖ్యముగా జెట్టుల చివర ఏర్పడిన విశాల రేడియో మేఘముల వెలుగు. మేఘములు నెమ్మదిగా కదలును గనుక అన్ని దిక్కులకు సమానముగా ప్రసరించును. ఎంపికలో పక్షపాతము తగ్గును. 1989లో పీటర్ బార్తెల్ ఈ జాబితానే ఆధారము చేసికొని, క్వాసార్ల మేఘజంటలు రేడియో గెలాక్సీల వానికన్న పొట్టిగా కనబడునని చూపెను. తనవైపు చాచిన కర్ర చూపరికి పొట్టిగా కనబడును గదా! రెండును ఒకే జాతివనియు, జెట్టు భూమికి సుమారు 45 డిగ్రీలలోపల తిరిగినచో క్వాసారుగా కనబడుననియు ఆయన వాదించెను.

ఈ జాబితాయు నిర్దోషము కాదు. ప్రబలమైన గెలాక్సీలకే ఇందు చోటు దొరికినది. మేఘములు లక్షల యేండ్లు కూడిన శక్తిని చూపునేగాని, జెట్టు నేటి స్థితిని చెప్పవు. కొన్ని రేడియో గెలాక్సీలలో దాగిన క్వాసారు లేదని తరువాతి పరిశీలనలు తెలిపినవి.

కావున వేగమునకు మొదటి జాబితాను, సంఖ్యకు రెండవదానిని చూచి, రెంటిని జోడించి చదువవలెను. ఏ పట్టిక చేతికి వచ్చినను విద్యార్థి మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో చేరలేకపోయినవి ఏవి?