మార్కుల పెరుగుదల ఎవరి ఘనత?

విద్యార్థి నిరుటికంటె ఎంత ముందుకు వచ్చెనో గణించి, ఆ తేడాను ఉపాధ్యాయుని పేర వ్రాయుటయే 'అదనపు విలువ' పద్ధతి. గణాంకవేత్త విలియం సాండర్స్ రూపొందించిన ఈ విధానమును అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రము 1992లో చట్టమున చేర్చినది. ఉత్త మార్కులను పోల్చుటకంటె ఇది న్యాయమే. చదువుకొన్న యింటి పిల్లలు మొదటినుండియు ముందుందురు గదా!

అయితే ఆర్థికశాస్త్రజ్ఞుడు జెస్సీ రాత్‌స్టైన్ 2010లో ప్రకటించిన పరిశోధనలో నార్త్ కరోలినా లెక్కలకు చక్కని పరీక్ష పెట్టెను. ఐదవ తరగతి ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిలోని అభివృద్ధికి కారకుడు కాజాలడు. రేపటి వాన నిన్నటి చేనును తడుపదు. కాని లెక్కలో ఆ 'ప్రభావము' పెద్దదిగనే తేలినది! ఏలయన, పిల్లలను తరగతులకు చీటీలు వేసి పంచరు. ఎవరు ఎవరివద్ద చదువవలెనో చూచి పంచుదురు. ఆ ఎంపికయే బోధనా ప్రతిభ వేషము వేసికొని లెక్కలో జొరబడినది. పైగా తరగతి చిన్నదైనచో, పరీక్షనాడు ఇద్దరికి జ్వరము తగిలినను సగటు కదలును.

మార్కుల హెచ్చుతగ్గులలో ఉపాధ్యాయుల పాలు 1 నుండి 14 శాతమేనని పెక్కు అధ్యయనములు తేల్చినట్లు అమెరికా గణాంకశాస్త్ర సంఘము 2014లో తెలిపెను. ఇంత సన్నని పాలునుబట్టి ఉద్యోగములు ఊడబెరుకుట తగదు. హూస్టన్ నగరములో గణనసూత్రము ఒక ప్రైవేటు సంస్థ వ్యాపార రహస్యము. తమ అంకె సరియో కాదో చూచుకొను వీలు ఉపాధ్యాయులకు లేకపోయెను. వారి అభ్యంతరము విచారింపదగినదేయని ఫెడరల్ న్యాయస్థానము 2017లో చెప్పినది.