పులుసు గుడ్డు, ఘోటాలో గుడ్డు

సూరత్‌లో ఖటోదరా పారిశ్రామిక వాడకు మరీ దూరంగాని లింబాయత్‌లో, తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలున్నాయి. అలాంటి ఇంట్లో కోడిగుడ్డు పులుసు, బయట తోపుడుబండి మీద ఘోటాలో అనే గుడ్డు వంటకం. రెండూ నాకిష్టమే. చవగ్గా దొరికాయని 30 గుడ్ల ట్రే కొని, మిగిలినవి ఫ్రీజర్‌లో దాచుకుందామనుకున్నప్పుడే ఈ రెండు వంటల స్వభావాలు తేటపడతాయి.

పులుసు సంగతి మనకు కొత్తగా చెప్పాలా? ఉడికించి, వొలిచి, గాట్లు పెట్టి వేసినా గుడ్డు గుడ్డుగానే ఉంటుంది. చింతపండు పులుపు ఆ గాట్లలోకి తాపీగా దిగుతుంది. అందుకే రాత్రి పులుసు పొద్దుటికి రుచెక్కుతుంది.

ఘోటాలోకు అంత ఓపిక లేదు. ఉడికిన గుడ్లను తురిమి, పెనం మీద మసాలాతో, చలికాలమైతే పచ్చి వెల్లుల్లి కాడలతో వేయిస్తారు. సగం కాలిన మరో గుడ్డును అందులో చిదిమి కలిపేస్తారు. పేరుకు అర్థమే గందరగోళం. పెనం దిగిన వెంటనే పావ్‌తో తింటేనే దాని మజా.

పులుసులో గుడ్డు నిలవాలి, ఘోటాలోలో చెదరాలి. మంచుకు మాత్రం చెదిరిన గుడ్డే కావాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కనుక పెంకుతో పెడితే పగులుతుంది. మరి ఘోటాలో గెలిచినట్టేనా? లేదు. ఉడికిన తెల్లసొన గడ్డకట్టి కరిగాక రబ్బరులా సాగి నీళ్ళు వదులుతుంది. పులుసు గుడ్డుకు ఎలా చోటు లేదో, ఘోటాలో తురుముకూ అలాగే లేదు.

పచ్చి గుడ్లనైతే నురగ రాకుండా గిలక్కొట్టి, మూతగట్టి డబ్బాలో సున్నాకు 18 డిగ్రీల దిగువన పెడితే ఏడాది దాకా వాడుకోవచ్చు. తెల్లసొన విడిగానూ నిలుస్తుంది. పచ్చసొన ఒక్కటే పెడితే ముద్దకట్టి మళ్ళీ జారుగా మారదు. అందుకే నాలుగు పచ్చసొనలకు చెంచాలో ఎనిమిదో వంతు ఉప్పు కలపాలి. తీపి వంటకైతే చెంచాన్నర పంచదార.

వాడే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించి కరగనివ్వాలి, కరిగాక పూర్తిగా ఉడికించాలి. అంటే ఘోటాలోలో సగం కాలిన గుడ్డుకూ ఈ దాచిన గుడ్డు పనికిరాదు. ఇక దానితో చేయడానికి మిగిలింది మన పొరటు, వాళ్ళ భుర్జీ. ఇక్కడ కరివేపాకు, అక్కడ పావ్. తక్కినదంతా ఇంచుమించు ఒకటే. చుట్టాలొస్తే మనం పులుసు పెడతాం గాని పొరటు పెట్టం. సూరత్ వెళ్ళినవాళ్ళూ ఘోటాలో గురించి చెబుతారు గాని భుర్జీ ఊసెత్తరు. రెండు వంటిళ్ళూ గొప్ప చెప్పుకునే వంటల్ని మంచు కాదంది. ఎవరూ పొగడనిదాన్ని రెండు వైపులా రానిచ్చింది.