'మా తండ్రి'లో 'మా' ఎవరు?

దేవునితో వ్యక్తిగత సంబంధం పెంచుకోవాలి అనే మాట ఇవాళ ప్రతి ఉజ్జీవ కూటంలోనూ, ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ వినిపిస్తుంది. తెల్లవారుజామున లేవాలి, ఏకాంతంగా వాక్యం చదవాలి, మోకరించాలి, నీ పాపం నీవు ఒప్పుకోవాలి. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. కాని తెలుగునాట ఈ బోధ వినే జనంలో ఎక్కువమంది మాల మాదిగలు. దేవుని దగ్గరికి నేరుగా పోవడం అన్నది వాళ్లకు మొదట్లో ఎంత పెద్ద విషయమో, దాన్ని ఇవాళ ఎంత చిన్నది చేశారో అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న మతం బయట నిలబడి వేయనక్కరలేదు. భక్తి భాషలోనుంచే వేయొచ్చు.

జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. అందులో అస్పృశ్యుడైన నాయకుడు తన గోడు కాశీ విశ్వనాథునికి చెప్పుకోవాలి. గుడిలోకి తనకు ప్రవేశం లేదు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు గనుక దాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షునికి అడ్డం దూరం, జాషువా నాయకునికి అడ్డం కులం. ఆ కావ్యం పక్కన పల్లెలో ఒక ముసలమ్మ ప్రార్థన పెట్టి చూడండి. చదువు రాదు. 'అయ్యా, తండ్రీ' అని మొదలుపెట్టి మనవడి జ్వరం, ఆసామి బాకీ, రాని వాన అన్నీ చెప్పేస్తుంది. పూజారి లేడు, మడి లేదు, గబ్బిలంతో పని లేదు. వ్యక్తిగత సంబంధం అంటే దళితులకు మొదట తెలిసిన అర్థం ఇదీ: కులం అడ్డం లేకుండా, తన నోటితో, తన భాషలో మాట్లాడటం.

ఈ సంబంధం ఆ రోజుల్లో మోకాళ్ల దగ్గరే ఆగిపోలేదు. 1866లో బాప్తిస్మం పొందిన తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందే యోగసాధన చేసినవాడు. అంటే దేవుణ్ణి వెతకడం మాదిగలకు మిషనరీ నేర్పిన కొత్త విద్య కాదు. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులైన మాదిగలకు మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి భక్తి నియమాలే. ఊళ్లో మాత్రం వెట్టి మీద పడ్డ దెబ్బ. ఆదివారం పనికి రానన్నా, జాతరలో డప్పు కొట్టనన్నా ఊరి కట్టుబాటును ధిక్కరించినట్టే. అందుకే పెద్దకులాలు వాళ్లను వేధించాయి. పెద్ద కరువు నడుస్తున్నంతకాలం మిషన్ బాప్తిస్మాలు ఆపింది. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒక్కొక్కరూ నోరు తెరిచి ఒప్పుకున్నారు. వచ్చింది మాత్రం పల్లెకు పల్లె కలిసి.

ఆ చరిత్రను మరిచి ఇవాళ్టి కూటాలు భక్తిని ఒంటరి మనిషి లెక్కగా మార్చాయి. లెక్కలో ఎప్పుడూ ఒకటే పద్దు: నా పాపం. ఈ భాషకు మూలాలు మన కీర్తనల్లోనూ ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన కవి. రాగతాళాలతో, సంస్కృత సమాసాలతో నడిచే ఆయన కీర్తనలు మాలమాదిగల నోటికి రావడం చిన్న సంగతి కాదు. చదవనివ్వని భాషను వాళ్లు గొంతెత్తి పాడారు. చిక్కు ఇంకొక చోట ఉంది. పుట్టుకతోనే శుద్ధుణ్ణి అనుకున్న మనిషి 'నేను పాపిని' అంటే అతని అహంకారం విరుగుతుంది. పుట్టుకతోనే అపవిత్రుడివి అనిపించుకున్న మనిషి అదే మాట అంటే ఏం విరుగుతుంది? ఊరు వేసిన ముద్రనే గుడిలో మళ్లీ వేసుకున్నట్టు కాదా?

దళితునికి పాపం లేదని నేననటం లేదు. పాపం చేసినవాడి పశ్చాత్తాపం వేరు, పాపానికి గురైనవాడి మొర వేరు. రెండూ ప్రార్థనలే. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో రెండూ ఉన్నాయి. 51వ కీర్తన పశ్చాత్తాపం. 10వ కీర్తన పేదను వేటాడేవాడి మీద ఫిర్యాదు. దేవా ఎందుకు దూరంగా ఉన్నావని నిలదీసే కీర్తన. మన కూటాల్లో మొదటిది వినిపించినంతగా రెండోది వినిపించదు. 1980లలో దళిత దైవశాస్త్రానికి పునాది వేసిన అరవింద్ నిర్మల్ యేసు శిలువ మీద వేసిన కేకలో దళితుల వేదన విన్నాడు. తండ్రితో యేసు సంబంధం అన్నిటికంటే లోతుగా కనిపించేది ఆ కేకలోనే గదా! నన్నెందుకు వదిలేశావని అడగగలిగినవాడికే చనువుంది.

మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో, గదిలోకి పోయి తలుపు వేసుకొని ప్రార్థించమని యేసు చెప్తాడు. ఉజ్జీవ బోధకులు ఈ మాట దగ్గరే ఆగుతారు. నాలుగు వచనాలు దాటకముందే ఆయన నేర్పిన ప్రార్థన 'మా తండ్రి' అని మొదలవుతుంది. అన్నం అడిగేది మాకు, క్షమాపణ అడిగేది మాకు. తలుపు వేసుకున్న మనిషి కూడా 'మా' అనే అనాలి.

ఈ 'మా' ఎవరు? గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ కావడానికి కారణం మిషన్ల చరిత్ర అనుకుందాం. పెళ్లి సంబంధం దగ్గర మాల క్రైస్తవుడు, మాదిగ క్రైస్తవుడు ఎదురుపడకపోవడానికి కారణం ఎవరు? బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, ఇంటికి పోయి వేరు కులం లెక్క చూసుకునే పెద్దకుల విశ్వాసుల 'మా'లో మనం ఉన్నామా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం కాదంది. చర్చి క్రీస్తులో కులం లేదంటుంది. ఊరు మాత్రం మర్చిపోదు. 1985లో కారంచేడు మాదిగలు ప్రాణాలు చేతబట్టుకొని చీరాల చేరినప్పుడు తలదాచుకున్నది చర్చి ఆవరణలో. ఆ ఆవరణ ఆనాడు ప్రార్థనకూ పోరాటానికీ ఒకే చోటయింది.

కాబట్టి దేవునితో సంబంధం లోతుగా ఉందా అని ఎవరైనా అడిగితే, ఎన్ని గంటలు మోకరించావన్నది కొలత కాదు. లేచాక ఎవరి పక్కన నిలబడ్డావు? ఎవరి ఇంట్లో అన్నం తిన్నావు? నీ ప్రార్థనలో పక్క పల్లెకు చోటుందా? జవాబు చెప్పుకోవలసింది ముందు మనమే, మాలలమూ మాదిగలమూ.