కిటికీలోని చీకటి: కాజీపేట పాత కట్టడాల ఛాయాచిత్రణపై ఒక పరిశీలన

కిటికీకి పర్యాయంగా మన నిఘంటువులలో కనిపించే సంస్కృత పదాలు మూడింటిని ఒకచోట ఉంచి చూస్తే, అవి దాని మూడు పనులను చెబుతాయి. గాలి వచ్చే దారి కనుక వాతాయనం. ఆవు కన్ను వంటిది కనుక గవాక్షం. వలవలె అల్లినది కనుక జాలకం. గాలి, చూపు, అడ్డు అనే ఈ మూడింటిలో ఛాయాచిత్రానికి సులువుగా చిక్కేది చూపు ఒక్కటే. పాత కట్టడాల కిటికీలను ఫోటోలు తీసే అలవాటు విస్తరించిన ఈ కాలంలో మిగిలిన రెండూ ఏమవుతున్నాయన్నది విమర్శ పట్టించుకోవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి కాజీపేట తగిన స్థలం. 1929లో బల్హార్షా మార్గం పూర్తయి ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా దారి ఏర్పడిన తరువాత ఈ ఊరి జీవితం జంక్షన్ చుట్టూ అల్లుకుంది. రైల్వే క్వార్టర్లు, పెంకుటిళ్ళు, వాటి మధ్య లేచిన కొత్త మేడలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. కాకతీయుల శిల్పం కూడా ఎంతో దూరం లేదు. 1213 నాటి రామప్ప గుడిలో గర్భగుడి ముందరి ద్వారానికి ఇరువైపులా రంధ్రాలు తొలిచిన రాతి పలకలు జాలకానికి చక్కని ఉదాహరణ. అయితే కెమెరా పట్టినవారిని ఎక్కువగా ఆకర్షించేది ఆ రాతి పనితనం కాదు. రంగు వెలిసిన చెక్క రెక్క, తుప్పు పట్టిన ఊచ, గోడ పగులులో మొలిచిన రావి మొక్క.

ఛాయాచిత్రకళ కిటికీతోనే మొదలైంది. 1826–27 ప్రాంతంలో ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ నిలిపిన దృశ్యం ఆయన ఇంటి పై అంతస్తు కిటికీ నుంచి కనిపించినది. 1835 ఆగస్టులో ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన ఇంటి జాలక కిటికీని చిన్న నెగటివ్ మీదికి తెచ్చాడు. భూతద్దంతో చూస్తే అందులో సుమారు 200 గాజు పలకలను లెక్కపెట్టవచ్చునని ఆయనే రాసుకున్నాడు. ప్రాగ్ నగరంలో యోసెఫ్ సుదెక్ 1940 నుంచి 1954 వరకు తన స్టూడియో కిటికీనే మళ్ళీ మళ్ళీ చిత్రించాడు. గాజుపై పట్టిన ఆవిరి, మంచు, దాని వెనుక వంకర చెట్టు ఆయన వస్తువులు. ఈ ముగ్గురి కెమెరాలూ గది లోపలే ఉన్నాయి. పాడుబడిన కట్టడాల కిటికీల చిత్రాలలో మాత్రం కెమెరా దాదాపు ఎప్పుడూ వీధిలో నిలబడుతుంది. ఇది చిన్న తేడా కాదు. కిటికీ లోపలివారి కోసం పెట్టినది. బయటివారికి అది గోడలో ఒక ఆకారం మాత్రమే.

వీధి వైపు నుంచి తీసినప్పుడు మరొకటి జరుగుతుంది. తెలంగాణ ఎండలో సున్నం గోడ మెరుస్తుంది. ఆ వెలుగుకు సరిపడేలా ఎక్స్‌పోజర్ పెడితే గది లోపలి వెలుగు సెన్సార్‌కు చాలదు. కిటికీ నల్లని చతురస్రంగా మారుతుంది. చూసేవారు ఆ నలుపును శూన్యంగా, విడిచిపోయినతనంగా చదువుకుంటారు. కాని ఆ నలుపులో ఎవరో వంట చేస్తూ ఉండవచ్చు. మనుషులున్న ఇంటికీ పదేళ్ళుగా తాళం పడిన ఇంటికీ మిట్టమధ్యాహ్నం కెమెరా ఇచ్చే నలుపు ఒక్కటే. కాబట్టి ఇటువంటి చిత్రాలలో కనిపించే విషాదంలో కొంత కట్టడానిది, కొంత ఎక్స్‌పోజర్‌ది. రెండింటినీ వేరుచేయకుండా పొగిడే సమీక్షలే ఎక్కువ.

వేరుచేయడానికి ఆనవాళ్ళు లేకపోలేదు. పాత ఇళ్ళలో తరచు కనిపించే నాలుగు రెక్కల కిటికీని తీసుకుందాం. కింది రెండు రెక్కలు మూసి, పై రెండు తెరిస్తే వీధి చూపు ఆగుతుంది, గాలీ వెలుతురూ వస్తాయి. వాతాయనమూ జాలకమూ ఒకే చట్రంలో పనిచేసే ఏర్పాటు ఇది. కింది రెక్కలు మూసి ఉన్న ఇల్లు ఖాళీ ఇల్లు కాదు, ఆరుబయటి చూపును వద్దన్న ఇల్లు. పగటిపూట నాలుగు రెక్కలూ బిగించి ఉంటే, రైల్వే ఊరిలో దానికి రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్న మనిషి కారణం కావచ్చు. ఊచకు కట్టిన తాడు, సజ్జ మీద ఎండబెట్టిన చెప్పులు, చేతులు ఆనిచ్చిన చోట నునుపెక్కిన చెక్క: ఇవి నివాసపు గుర్తులు. గడియ మీద చెక్కుచెదరని తుప్పు, రెక్కల సందును కలిపేసిన సాలెగూడు విడిచిపోయిన గుర్తులు. ఎండ వాలిన వేళ, ఏటవాలు వెలుగులో తీసిన చిత్రంలో ఇవన్నీ కనిపిస్తాయి. నాటకీయత తగ్గుతుంది, నిజమే, సమాచారం పెరుగుతుంది.

కిటికీలను వరుసలు వరుసలుగా పేర్చి ఒకే పటంగా చూపే పద్ధతికి జర్మనీ దంపతులు బెర్న్, హిల్లా బెహర్‌ల పారిశ్రామిక కట్టడాల చిత్రాలు ప్రేరణ అని చెప్పడం పరిపాటి. ఆ పోలిక సగమే సరైనది. వారు నీటి తొట్టెలనూ కొలుములనూ మబ్బు పట్టిన వెలుగులో, ఒకే దూరం నుంచి తీసి, ఊరి పేరూ సంవత్సరమూ జతచేశారు. అనుకరణలలో వరుస మిగిలింది, ఊరూ సంవత్సరమూ పోయాయి. నివాసమున్న కిటికీ, లేని కిటికీ పక్కపక్కన చేరి, రెండూ ‘శిథిల సౌందర్యం’ అనే ఒకే పేరు కిందకు వచ్చాయి. శిథిలమన్న పేరు పడిన ఇంటిని కూల్చడం సులువు. అందులో ఉంటున్నవారి మాట అప్పుడు ఎవరికీ వినిపించదు. వరంగల్‌కే చెందిన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లె జీవనాన్ని, బతుకమ్మను చిత్రించినప్పుడు మనుషులను చట్రంలోనే ఉంచాడు. కిటికీల చిత్రకారులు ఆయన నుంచి నేర్చుకోవలసినది ఇదే.

వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. తరువాత దాని కట్టడాలు కూల్చివేతకు గురయ్యాయి. ఇప్పుడు ఆ గోడల కిటికీలను తెలుసుకోవాలంటే పాత ఫోటోలే ఆధారం. ఏ షెడ్డు, ఏ దిక్కు గోడ, ఏ సంవత్సరం, కిటికీ అవతల మగ్గాలు ఆడుతున్నాయా ఆగిపోయాయా అన్నది రాసి ఉన్న ఫోటో చరిత్రకారుడికి పనికివస్తుంది. రాయని ఫోటోలో ఒక అందమైన నల్లని చతురస్రం ఉంటుంది.